చైన్‌సాతో పలకలు కోసే ఫ్రేమ్ కొన్నాను, ఏడాదిన్నర తర్వాత రాస్తున్న రివ్యూ

చైన్‌సాకి (పెట్రోలు రంపానికి) బిగించి దుంగని పలకలుగా కోసుకునే ఈ ఫ్రేమ్ 7,400 రూపాయలు. దాన్ని పని చేయించడానికి ఇంకో 17,400 అయింది. ఈ రెండో అంకె ఎక్కడా ఎవరూ చెప్పరు, అందుకే ముందే రాసేస్తున్నా. నేను కొన్నచోట దీని కింద ఉన్న రివ్యూలన్నీ 'సూపర్ ప్రాడక్ట్, ఫాస్ట్ డెలివరీ' బాపతే, అట్టపెట్టె విప్పిన రోజు రాసినవి. దుంగ మీద పెట్టి కోసిన ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను వచ్చి వెళ్లాక మా వైపు మళ్లీ చెట్లు పడ్డాయి, నా దగ్గర ఫ్రేమ్ ఉందని తెలిసి ముగ్గురు ఫోన్ చేశారు, ముగ్గురికీ అరగంట చొప్పున అదే పాట పాడాను. ఇక నాలుగోవాళ్లకి ఈ లింకు పంపుతా.

నా కథ అంతకుముందు తుపానుది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు మా పెరట్లో నిద్రగన్నేరు వేళ్లతో సహా లేచి పశువులపాక గోడ మీద పడింది. దాంతోపాటు ఒక ముసలి మామిడి కూడా. కొమ్మలన్నీ కట్టెలవాళ్లు పట్టుకుపోయారు, మొద్దు మాత్రం మిగిలింది. తొమ్మిది అడుగుల పొడవు, చుట్టుకొలత ఆరున్నర అడుగులు, పచ్చిమీద ముప్పాతిక టన్ను తక్కువుండదు. కట్టెల వ్యాపారి మూడు వేలిస్తానన్నాడు. చివర్లో కొమ్మ నరికినచోట లోపలి చేవ చాక్లెట్ రంగులో మెరుస్తుంటే మూడు వేలకి పొయ్యిలోకి పంపడానికి మనసొప్పలేదు.

కోత మిల్లాయన వచ్చి చూశారు. మొద్దు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంటి చెట్టా? వద్దు బాబూ, మేకులుంటాయి, నా బ్లేడు పోతుంది" అని వెళ్లిపోయారు. అప్పుడు కాస్త కోపం వచ్చింది గానీ ఆయన ఎంత కరెక్టో తర్వాత తెలిసింది, దాని దగ్గరికి వస్తా. పైగా మా సందు వెడల్పు ఏడడుగులు, క్రేన్ రాదు, దుంగ ఎక్కించుకున్న ట్రాక్టరు తిరగదు. మొద్దు బయటికి పోదు కాబట్టి మిల్లే లోపలికి రావాలి. నాన్న చిన్నప్పుడు అలాగే వచ్చేదట, ఇద్దరు కోతవాళ్లు పెద్ద రంపం భుజానేసుకుని వచ్చి, దుంగని ఎత్తున పెట్టి, ఒకడు పైన ఒకడు కింద నిలబడి లాగేవాళ్లట, బొగ్గునీళ్లలో ముంచిన దారం కొట్టి గీత పెట్టుకునేవాళ్లట. మా పాత ఇంటి దూలాలు అలా కోసినవే. ఆ మనుషులు ఇప్పుడు లేరు, ఉన్నా ఆ కూలి మనం ఇవ్వలేం.

ఇంకోమాట, చెట్టు దానంతటదే పడినా ఫొటోలు తీసి సచివాలయంలో ఒక కాగితం ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. నిలబడున్న చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందు అనుమతి కావాలి, పడిపోయినదానికి కూడా రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

సరే, వస్తువు దగ్గరికి. దీన్ని అలాస్కన్ మిల్ అంటారు. పేరు పెద్దది గానీ లోపల మోటారూ లేదు, బ్లేడూ లేదు. రెండు అల్యూమినియం పట్టాలు, రెండు నిలువు కడ్డీలు, నాలుగు బిగింపులు, ఒక పిడి. చైన్‌సా బార్‌ని (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీని) అడ్డంగా పడుకోబెట్టి రెండు చివర్లా ఈ ఫ్రేమ్‌కి బిగిస్తాం. ఫ్రేమ్ దుంగ పైభాగం మీద జారుతుంటే బార్ దాని కింద ఎంత లోతులో ఉంటే అంత మందాన పలక లేస్తుంది. మన ఇంట్లో బంగాళాదుంప చిప్స్ గీసే పీట ఉంటుంది చూడండి, దాన్ని తిరగేసి దుంప మీద తోసినట్టు. కడ్డీలు పైకీ కిందకీ జరిపి అరంగుళం నుంచి అడుగు దాకా మందం పెట్టుకోవచ్చు. ఇంతే యంత్రం. ఆలోచన చాలా తెలివైనది, ఆ మాట ఒప్పుకోవాలి.

నాకొచ్చిన సరుకు సంగతి వేరు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఒకే బొమ్మ ఐదారు పేర్లతో అమ్ముతున్నారు. పెట్టెలో ఒక బోల్టు తక్కువ వచ్చింది. కడ్డీల మీద అంగుళాల గీతలు స్టిక్కరు మీద ముద్రించినవి, రెండో రోజుకే నూనె తగిలి ఊడిపోయాయి. ఒకవైపు గీత ఇంకోవైపు గీతతో ఒక నూలు (అంగుళంలో ఎనిమిదోవంతు) తేడా ఉంది, కాబట్టి గీతల్ని నమ్మకుండా ప్రతిసారీ టేపు పెట్టి రెండు వైపులా కొలవాల్సిందే. అన్నిటికన్నా పెద్ద లోపం బిగింపులది. చైన్‌సా అదురుకి అవి మెల్లగా జారతాయి. నా మూడో పలక ఒక చివర రెండుంపావు అంగుళాలు, రెండో చివర రెండుంముప్పావు వచ్చింది. కోస్తున్నప్పుడు అసలు తెలియలేదు. ఆ తర్వాత హార్డ్‌వేర్ షాపులో స్ప్రింగ్ వాషర్లు కొని వేశాం, నలభై రూపాయల పని, అది ఫ్యాక్టరీవాడు చేసి ఉండొచ్చు. అల్యూమినియం మాత్రం గట్టిదే, ఒకసారి ఫ్రేమ్ మొత్తం జారి కింద పడినా వంకరపోలేదు.

ఇప్పుడు నా తెలివితక్కువతనం. ఫ్రేమ్‌తోపాటే చవకలో ఒక 58 సీసీ చైన్‌సా కొన్నాను, 22 అంగుళాల బార్‌తో. ఇంటికొచ్చాక తట్టింది, ఫ్రేమ్ బిగింపులు రెండు చివర్లా కలిపి నాలుగంగుళాలు తినేస్తాయని. అంటే 22 అంగుళాల బార్‌తో 18 అంగుళాల దుంగే కోయగలం. నా నిద్రగన్నేరు అడ్డం పాతిక అంగుళాలు. ఫ్రేమ్ 36 అంగుళాలది కదా అని ధైర్యంగా ఉన్నా, అది ఫ్రేమ్ సైజు మాత్రమే. సరేలే అని పదిహేను అంగుళాల మామిడి మొద్దు మీద మొదలుపెట్టాం. ఆరడుగుల కోతకి నలభై నిమిషాలు. మూడో కోతలో ఇంజన్ గొంతు మారింది, పొగ, తర్వాత నిశ్శబ్దం. పిస్టన్ పట్టేసింది. మెకానిక్ విప్పి చూసి, లీటరు పెట్రోలుకి ఆయిల్ ఎంత కలిపావు అన్నాడు. 20 ఎం.ఎల్. అన్నాను. దాని పుస్తకంలో 25 పాళ్లకి ఒకటి అని ఉంది, అంటే 40 ఎం.ఎల్. కలపాలి. తప్పు సగం నాది. మిగతా సగం ఆ మిషనుది, ఎందుకంటే కట్టెలు కొట్టేటప్పుడు చైన్‌సా పది సెకన్లు అరిచి ఆగుతుంది, పలకలు కోసేటప్పుడు పావుగంట, ఇరవై నిమిషాలు ఫుల్ థ్రాటిల్ మీద ఊపిరి తీసుకోకుండా పరిగెత్తాలి. ఆ వేడికి చిన్న ఇంజన్లు నిలబడవు. 60 సీసీకి తక్కువైతే ఈ పనికి తేవద్దు, 70 పైన ఉంటేనే మనశ్శాంతి. పైన చెప్పిన 17,400లో ఈ మిషను లేదు, అది కలిపితే నాకు బీపీ వస్తుంది.

ఇక ప్రకాశం వైపు సుబాబుల్, జామాయిల్ కోతలు చేయించే కాంట్రాక్టరు ఒకాయన తెలిసుంటే ఆయన్ని బతిమాలి స్టిల్ ఎంఎస్ 382 అద్దెకి తెచ్చుకున్నాను, 72.2 సీసీ, రోజుకి 1,500, దాంతోపాటు నడిపే కుర్రాడు (అతని కూలి, నా పక్కనున్న సాయం మనిషి కూలి కలిపి 1,600). 30 అంగుళాల బార్, రెండు చైన్లు నావి, 9,000 అయింది. కుర్రాడు ఫ్రేమ్‌ని చూసి "ఇదేంటన్నా, మంచమా?" అన్నాడు. మొదటి పలక లేచేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

చైన్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సగంమంది ఇక్కడే విసుగెత్తి మానేస్తారు. మామూలు చైన్ పళ్లు దాదాపు 30 డిగ్రీల ఏటవాలుగా అరగదీసి ఉంటాయి, అవి కట్టెని అడ్డంగా నరకడానికి. మనం కోసేది నార వెంట, పొడవునా. దానికి పళ్లు 10 డిగ్రీలకి దగ్గరగా, అంటే ఇంచుమించు నిటారుగా ఉండాలి. అలాంటిది విడిగా రిప్పింగ్ చైన్ అని దొరుకుతుంది, మా చుట్టుపక్కల షాపుల్లో అడిగితే మొహం వంక చూశారు. అందుకని మామూలు చైనే కొని, 5.2 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో ఒక్కో పన్నూ కూర్చుని అరగదీశాను, రెండు చైన్లకీ కలిపి ఒక ఆదివారం పోయింది. తేడా? మామిడి మీద మామూలు చైన్‌తో కోసిన పలక దున్నిన పొలంలా గాళ్లు గాళ్లుగా ఉంది. నిద్రగన్నేరు పలక మీద చెయ్యి పెట్టి రాస్తే గరుకుగా తగిలింది, అంతే. ఆకురాయి పట్టడం రాకపోతే ఫ్రేమ్ కొనకండి. ప్రతి రెండు కోతలకీ ఒకసారి కూర్చోవాలి, అది తప్పదు. ఒకవైపు పళ్లు రెండోవైపు కంటే మొద్దుబారాయంటే బార్ ఆ పక్కకి దిగిపోతుంది, పలక పడవలా తయారవుతుంది.

మొదటి కోత అన్నిటికన్నా కష్టం. దుంగ గుండ్రంగా ఉంటుంది, ఫ్రేమ్ జారడానికి చదును లేదు. అందుకని పైన ఒక నిచ్చెన పడుకోబెట్టి, రెండు చివర్లా దుంగకి స్క్రూలు బిగించి, దాని మీద ఫ్రేమ్ నడపాలి. నిచ్చెన ఎంత సూటిగా ఉంటే పలకలన్నీ అంత సూటిగా వస్తాయి, ఎందుకంటే రెండో కోత నుంచి ఫ్రేమ్ మొదటి కోత ముఖం మీదే నడుస్తుంది, మొదటిదాంట్లో మెలిక ఉంటే ఎనిమిది పలకల్లోనూ అదే మెలిక. మేం తాపీ మేస్త్రీ దగ్గర నీళ్ల ట్యూబు తెచ్చి నాలుగు మూలలూ లెవెలు చూశాం. వెదురు నిచ్చెన వాడదామన్న మా తమ్ముడి సలహా వినలేదు, ఎలక్ట్రీషియన్ దగ్గర అల్యూమినియం నిచ్చెన అడిగి తెచ్చాం.

జేసీబీ గంటకి 1,200 తీసుకుని పాక వెనక పొలంలోంచి చెయ్యి చాపి దుంగని దిమ్మెల మీదికి ఎత్తింది. ఒక చివర అడుగు ఎత్తులో పెట్టించాను, కోత దిగువకి పోతుంటే మిషను బరువే దాన్ని తోస్తుంది, నడుం బతుకుతుంది. పక్కింటి పాపకి టెన్త్ పరీక్షలు, అవి అయిపోయేదాకా ఆగి ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. పొద్దున్నే ఆరుకి మొదలు, పదిన్నరకల్లా బంద్, ఆ తర్వాత ఎండని మనమూ తట్టుకోలేం, మిషనూ తట్టుకోదు. ఒక్కో కోత ఇరవై నిమిషాలు, కోతకో ట్యాంకు దాదాపు ఖాళీ. ప్రతి రెండడుగులకీ వెనకాల కోతలో చెక్క చీలలు దూర్చాలి, లేకపోతే పై పలక బరువుకి కోత మూసుకుని బార్‌ని పట్టేస్తుంది. బార్ కొస దాకా ఆయిల్ సరిగా చేరదు, అక్కడ వేడెక్కి నీలంగా మారుతుంది. దీనికి కుర్రాడి విరుగుడు నాకు బాగా నచ్చింది. ఖాళీ సెలైన్ బాటిల్లో ఆయిల్ పోసి ఫ్రేమ్ చివర వేలాడదీసి, దాని చక్రం తిప్పి నాలుగైదు సెకన్లకో చుక్క కొస మీద పడేట్టు పెట్టాడు. ఇలాంటిదే విడి పరికరంగా అమ్ముతారని తర్వాత తెలిసింది.

నాలుగో కోతలో మూడడుగులు వెళ్లాక చెక్కలో నల్లటి నీలి మరక కనిపించింది. ఏదో రంగు తేడా అనుకున్నాం. ఇంకో రెండంగుళాలకి కర్రుమని చప్పుడు, నిప్పురవ్వలు. నాన్నమ్మ బట్టలు ఆరేసే తీగకి కొట్టిన కొక్కెం, చెట్టు దాన్ని మింగేసి పైన నాలుగంగుళాలు పెరిగింది. ఆ మరక ఇనుము చుట్టూ చెక్క నల్లబడటమట, అది కనబడగానే ఆగి ఉండాల్సింది. చైన్ పోయింది. మిల్లాయన మీద కోపం కూడా దాంతోనే పోయింది.

లెక్కలు. తొమ్మిది కోతలు, ఎనిమిది పలకలు. చైన్ వెళ్లిన దారి వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లు, మిల్లులో బ్యాండ్ రంపం దారి అందులో సగం కూడా ఉండదు. తొమ్మిది కోతలకి దగ్గర దగ్గర మూడంగుళాల మందం, అంటే ఒక పలక కన్నా ఎక్కువ, రంపపు పొట్టుగా పోయింది. ఖరీదైన టేకు దుంగ అయితే ఈ పద్ధతి పెద్ద దండగ. అడితిలో దుంగని కొలిచే లెక్క ప్రకారం (చుట్టుకొలతలో నాలుగోవంతుని దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించాలి) నాది దాదాపు 24 ఘనపుటడుగులు. నిజానికి దుంగలో 30 దాకా ఉంటుంది, ఆ పాత లెక్క ముందే ఐదోవంతు పక్కన పెట్టేస్తుంది. నా పొట్టు, బెరడు, పక్క చెక్కలు పోగా ఇంచుమించు ఆ ఐదోవంతుకి ఇంకాస్త కలిపి పోయింది.

పెట్టెలో వచ్చిన కాగితంలో లేనిది ఒకటుంది. మిషను పక్కకి పడుకుని ఉంటుంది కాబట్టి పొగ తిన్నగా మొహానికే కొడుతుంది. గాలి ఎటు వీస్తోందో చూసి నిలబడాలి. నిద్రగన్నేరు పొట్టు ముక్కుల్లోకి వెళ్లి రెండు రోజులు తుమ్ములు, కళ్లమంట. మాస్కు, కళ్లజోడు, చెవులకి మూతలు, బూట్లు ఇవన్నీ ఉన్నా సాయంత్రానికి చేతివేళ్లు తిమ్మిరెక్కి కాఫీ గ్లాసు పట్టుకుంటే వణికింది. లుంగీ కట్టుకుని చెప్పులేసుకుని దీని దగ్గరికి రావద్దు, మా తమ్ముడు వచ్చాడు, వెనక్కి పంపేశా.

పలక లేచాక నీళ్లు చల్లి చూస్తే కలిగే ఆనందం వేరే. గోధుమరంగు, నల్ల చారలు, అంచున పసుపురంగులో తెల్లచెక్క (చేవ చుట్టూ బెరడు కింద ఉండే చెక్క). అయితే అప్పటికి పని సగమే అయినట్టు. చివర్లకి మిగిలిపోయిన ఎనామిల్ పెయింటు రెండు చేతులు పూశాం, చివర్ల నుంచి తడి త్వరగా పోయి పగుళ్లు రాకుండా. పాకలో దిమ్మెల మీద, పలకకీ పలకకీ మధ్య అంగుళం బద్దలు అడుగున్నరకొకటి పెట్టి, పైన రాళ్లు పేర్చాం. అంగుళం మందానికి ఏడాది అని ఒక మోటు లెక్క ఉంది. మూడో నెలలో తెల్లచెక్క కింద టాల్కం పౌడరులా సన్నటి పొడి కుప్పలు. పుచ్చు పురుగు. దానికి కావాల్సిన పిండిపదార్థం తెల్లచెక్కలోనే ఉంటుంది, అందుకని చేవ జోలికి పోలేదు. నాన్న కిరోసిన్ అన్నారు, నేను బోరాక్స్, బోరిక్ యాసిడ్ నీళ్లలో కలిపి బ్రష్‌తో రెండుసార్లు పట్టించాను, ఆగింది. ఇది కోసిన రోజే చేయాల్సిన పని. మామిడి పలకలకి చేయలేదు, అవి జల్లెడైపోయి చివరికి పొయ్యిలోకే వెళ్లాయి.

ఇప్పుడు తేమ మీటరు 14 శాతం చూపిస్తోంది, సముద్రగాలికి మా దగ్గర అంతకన్నా దిగేట్టు లేదు. ఎనిమిదింటిలో ఐదు మంచివి. నడిబొడ్డు పలక గుండె వెంట నిలువునా చీలింది, ఒకటి మెలి తిరిగింది, ఇంకోటి ఆ బిగింపు జారిన ఏటవాలుది. ఒక పలకతో ఏడడుగుల భోజనాల బల్ల చేయించాను. వడ్రంగి మేస్త్రీ గారు చిత్రిక మిషనుతో రెండు రోజులు కూర్చున్నారు, "కోత మిల్లులో అయితే నాకు పూట పని బాబూ" అని రెండు రోజులూ అంటూనే ఉన్నారు. అయినా పాలిష్ అయ్యాక తన ఫోన్లో ఫొటోలు తీసుకున్నది ఆయనే.

ఐదుకి ఎన్ని స్టార్లంటే ఫ్రేమ్‌కి మూడు. దుంగని బండెక్కించి మిల్లుకి చేర్చే దారి ఉంటే, మిల్లాయన ఒప్పుకుంటే, అక్కడికే తీసుకెళ్లండి, తక్కువలో నున్నగా వస్తుంది. దుంగ కదలదు, లేదా మిల్లు రంపానికి పట్టనంత వెడల్పు, లేదా ఇంటి చెట్టు కాబట్టి ఎవరూ ముట్టుకోరు, ఈ మూడింటిలో ఒకటైతే ఇది కొనుక్కోవచ్చు. ఒక్క దుంగ కోసం మాత్రం కొనకండి. బాపట్ల చుట్టుపక్కల వాళ్లయితే నా ఫ్రేమ్ ఊరికే ఇస్తాను, స్ప్రింగ్ వాషర్లు వేసే ఉన్నాయి. చైన్ మీరే తెచ్చుకోండి, చెట్టుకి బట్టల తీగ ఉండేదా అని ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి అడిగి రండి.